వీతరాగుని సన్నిధిలో రసికుడు

భక్తి అనగానే తెలుగువాని మనస్సులో మెదలునది ఇద్దరి మధ్య నడచు అనుబంధము. భక్తుడు పిలుచును, భగవంతుడు పలుకును. భక్తుడు అలుగును, భగవంతుడు ఊరడించును. మడుగులో చిక్కిన గజేంద్రుని మొర విని పరుగున వచ్చిన స్వామిని పోతన చూపినాడు. చెరసాలలో నుండి రామదాసు ఆడిన నిష్ఠురములను తెలుగునాట ఇంటింట పాడుకొన్నారు. పిలుపునకు మారుపలుకు ఉండి తీరునన్న నమ్మకమే ఈ భక్తికి ప్రాణము. ఈ సంస్కారముతో పెరిగినవాడు ఒక జైనాలయములో అడుగు పెట్టినచో మొదట కలుగునది విస్మయము. అచ్చట పద్మాసనమున కూర్చున్న మూర్తి ఎవరి మొరకును కదలడు, ఎవరికిని వరమీయడు. పొగడిన పొంగడు, తెగడిన కుంగడు. అయినను ఆయన ముందు రెండువేల ఏండ్లకు పైగా దీపములు వెలుగుచున్నవి, స్తోత్రములు పుట్టుచున్నవి, శిల్పులు రాతిని పూవువలె మలచుచున్నారు. మారుపలుకని వానికి ఈ పాట ఎందులకు? ఏమియు కోరని వానికి ఈ అందము ఎందులకు?

ఈ ప్రశ్న ఒక్క జైనులదే అయినచో సాహిత్యపుటలలో దీనికి చోటు అక్కరలేదు. కాని దీనికి జైనాచార్యులు వెదకిన సమాధానము కావ్యము చదువువానికిని, చదివించువానికిని కూడ అవసరమైనది. కావ్యానందము ఎవరిలో పుట్టునన్నది అలంకారశాస్త్రపు ప్రశ్న. పూజ ఎవరిని మార్చునన్నది మతమునకు సంబంధించిన ప్రశ్న. జైనుల యోచనలో ఈ రెండును ఒకే చోట కలిసికొనుచున్నవి.

మొదట సిద్ధాంతమును చూడవలెను. ‘జినుడు’ అనగా జయించినవాడు. ఆయన జయించినది రాజ్యములను కాదు, తనలోని రాగద్వేషములను. జైనులకు జగత్కర్త యను ఈశ్వరుడు లేడు. జీవుడు చేసిన కర్మ జీవునికే అంటును. దానిని కడిగికొనవలసినవాడును జీవుడే. ఋషభుడు మొదలు మహావీరుని వరకు 24 తీర్థంకరులు ఆ దారిలో నడచి, ఇతరులకు దారి చూపి, ముక్తులైనవారు. ముక్తునికి లోకవ్యవహారముతో పని లేదు. స్తోత్రమునకు సంతోషించినచో ఆయనలో రాగము మిగిలియున్నట్లే. నిందకు కోపించినచో ద్వేషము మిగిలియున్నట్లే. అప్పుడాయన జినుడే కాడు. కావున జినుని స్తుతించుట యనగా, ఈ స్తుతి ఆయనను కదిలింపదని తెలిసియే స్తుతించుట.

24 తీర్థంకరులను కీర్తించిన స్వయంభూస్తోత్రములో సమంతభద్రాచార్యుడు ఈ చిక్కును దాచలేదు. పూజవలన వీతరాగునకు కలుగు ప్రయోజనము లేదని ఆయన ఒప్పుకొన్నాడు. అయినను ఆ గుణములను తలచుట తలచువాని చిత్తమును శుభ్రపరచునని తేల్చినాడు. జైనులు నిత్యము జపించు నమస్కారమంత్రములోను ఇదే భావము కనబడును. అందు అర్హంతులకు, సిద్ధులకు, ఆచార్యులకు, ఉపాధ్యాయులకు, సాధువులకు నమస్కారమున్నది. ఏ ఒక్క వ్యక్తి పేరును లేదు. ఏ ఒక్క కోరికయు లేదు. నమస్కరింపబడినది గుణము. నమస్కరించువానికి దక్కవలసినదియు ఆ గుణమే.

పూజావిధానము కూడ ఈ భావమునకు తగినట్లే ఏర్పడినది. జలము, చందనము, అక్షతలు, పుష్పము, నైవేద్యము, దీపము, ధూపము, ఫలము అను ఎనిమిది ద్రవ్యములతో జినుని అర్చింతురు. వరుసలో శాఖాభేదము కొంత ఉన్నది. కాని నివేదించిన పదార్థము ప్రసాదమై భక్తుని చేతికి తిరిగి రాదు. ఈ ఒక్క వివరమును గమనించినచో ఆ పూజాతత్త్వమంతయు తెలియును. ఇచ్చినది ఎవరికో చేరవలెనని కాదు. ఇచ్చినవాని చేతి నుండి విడువబడవలెనని. శ్వేతాంబరులు బియ్యముతో స్వస్తికమును దిద్ది, దానిపై మూడు చుక్కలు పెట్టి, ఆపైన చంద్రవంకను, బిందువును ఉంచుదురు. స్వస్తికపు నాలుగు కొమ్మలు జీవుడు తిరుగాడు నాలుగు గతులు. మూడు చుక్కలు సమ్యగ్దర్శన జ్ఞాన చారిత్రములు. పైనున్నది ముక్తుల నెలవు. చిటికెడు బియ్యముతో ఒక దర్శనశాస్త్రమును పీటపై వ్రాయుటయే అది. ద్రవ్యపూజ ముగిసిన పిదప భావపూజ. సర్వమును విడిచిన మునులకు ద్రవ్యమే లేదు గనుక వారికి భావపూజ ఒక్కటే. స్థానకవాసులవంటి శాఖలవారు విగ్రహమునే అంగీకరింపరు.

అయితే మనుష్యహృదయము సిద్ధాంతమునకు పూర్తిగా లొంగునది కాదు. అడుగవలెనన్న కోరిక జైనులలోను ఉన్నది. పద్మావతి, చక్రేశ్వరి మొదలైన యక్షిణులను కొలిచి కష్టములు తీర్చుమని వేడుకొనువారు ఉన్నారు. మానతుంగుడు ఋషభనాథుని కీర్తించిన భక్తామరస్తోత్రమును దిగంబరులు 48, శ్వేతాంబరులు 44 శ్లోకములుగా పఠింతురు. ఆ స్తుతి సాగుచుండగా కవిని బంధించిన సంకెళ్లు ఒక్కొక్కటిగా తెగిపడినవని ఐతిహ్యము. ఆ కథలో సైతము జినుడు వచ్చి సంకెళ్లు తెంచినాడని సిద్ధాంతము ఒప్పదు. తెంచినది స్తుతించినవాని చిత్తములో పుట్టిన శుద్ధియే కావలెను. జానపదుని ఆశకును, తత్త్వవేత్త నియమమునకును మధ్య ఈ ఐతిహ్యము ఒక వంతెన.

ఇచ్చట నుండి కావ్యశాస్త్రమునకు ఒక్క అడుగే దూరము. వేదికపై సీత విలపించునపుడు ప్రేక్షకుని కన్నీరు ఆమెకు చేరదు. ఆమె కష్టము అతని జాలివలన వీసమంతయు తగ్గదు. అట్లని ఆ కన్నీరు వ్యర్థము కాదు. నాటకశాల నుండి ఇంటికి పోవువాడు, వచ్చినప్పటి మనిషి కాడు. పాత్రకు ఏమియు కాలేదు. జరిగినదంతయు సహృదయునిలోనే జరిగినది. జినప్రతిమ ముందు నిలిచిన భక్తుని స్థితియు ఇట్టిదే. కదలనిది ప్రతిమ, కదలినది చూచువాని హృదయము. భక్తునికిని రసికునికిని ఇంత దగ్గరి చుట్టరికమును చూపిన మతములు అరుదు.

జైనులు ఈ చుట్టరికమును అనుభవముతో సరిపెట్టక శాస్త్రముగా కూడ చర్చించినారు. భరతుని నాట్యశాస్త్రములో ప్రసిద్ధమైన లెక్క ఎనిమిది రసములు. తొమ్మిదవదైన శాంతమునకు చోటిచ్చుటకు ఆలంకారికులు చాలకాలము వాదులాడినారు. సుమారు 5వ శతాబ్ది నాటికే రూపుదిద్దుకొన్న జైనాగమగ్రంథము అనుయోగద్వారసూత్రములో మాత్రము తొమ్మిది కావ్యరసముల పట్టిక ఉన్నది. అందు మొదటిది వీరము, చివరిది ప్రశాంతము. భయానకము లేదు, దాని బదులు వ్రీడనకము, అనగా సిగ్గునకు సంబంధించిన రసము, ఉన్నది. యుద్ధవీరము కంటె త్యాగవీరమును, తపోవీరమును గొప్పగా భావించినవారు వీరముతో ఆరంభించి ప్రశాంతముతో ముగించుట సహజమే. 1940లో వెలువడిన రసముల సంఖ్యను గూర్చిన తన గ్రంథములో వి. రాఘవన్ ఈ పట్టికను చర్చకు తెచ్చినాడు.

12వ శతాబ్దిలో గుజరాతున హేమచంద్రుడు కావ్యానుశాసనమును రచించి నవరసములను అంగీకరించినాడు. ఆయన శిష్యులు రామచంద్ర గుణచంద్రులు నాట్యదర్పణములో మరియొక అడుగు ముందుకు వేసినారు. రసమంతయు ఆనందమయమే యను వాదమును వారు ఒప్పుకొనలేదు. శృంగార హాస్య వీర అద్భుత శాంతములు సుఖాత్మకములు. కరుణ రౌద్ర బీభత్స భయానకములు దుఃఖాత్మకములు అని విభజించినారు. దుఃఖమును చూచి మెచ్చుకొనుటకు కారణము కవియొక్కయు నటునియొక్కయు నేర్పు వలన కలుగు చమత్కారమని వివరించినారు. పరుల దుఃఖమును దుఃఖమనియే పిలువవలెనన్న ఈ పట్టుదలలో అహింసావ్రతుల మనస్సు తొంగిచూచుచున్నది.

ఇంతవరకు వచ్చిన తరువాత ఒక గట్టి ఆక్షేపణ ఎదురగును. ఇంద్రియములను గెలువుమని చెప్పు మతమునకు పాటతో, నృత్యముతో, శిల్పముతో పని ఏమి? కంటికి ఇంపైనది మనస్సును కట్టివేయును గాని విడిపించునా? ఈ ఆక్షేపణకు జైనసాహిత్యము వాదముతో కాక కథతో సమాధానము చెప్పినది. అది నీలాంజన కథ. 9వ శతాబ్దిలో జినసేనుడు సంస్కృత ఆదిపురాణములోను, 941లో పంపకవి కన్నడ ఆదిపురాణములోను దీనిని చెప్పినారు. మథురలోని కంకాలీ తిబ్బలో దొరికిన ప్రాచీన శిల్పఫలకము ఒకదానిలో ఈ నృత్యఘట్టమునే పండితులు గుర్తించినారు.

ఋషభుడు అయోధ్యలో రాజ్యము చేయుచున్నాడు. భోగములతో కాలము సాగిపోవుచున్నది. ఆయనకు వైరాగ్యము కలుగవలసిన సమయము వచ్చినదని ఇంద్రుడు తలచినాడు. ఉపదేశమునకు మునిని పంపలేదు. నృత్యమునకు అప్సరసను తెచ్చినాడు. ఆమె నీలాంజన. ఆయుష్షు ముగియవచ్చినదని తెలిసియే ఇంద్రుడు ఆమెను ఎన్నుకొన్నాడు. సభ నిండియున్నది. లయ తప్పని అడుగులతో, భావము తొణకని అభినయముతో నీలాంజన ఆడుచుండగా ఆమె ఆయుష్షు తీరినది. మెరుపు మాయమైనట్లు ఆమె మాయమైనది. రసభంగము కాకూడదని ఇంద్రుడు ఆ క్షణముననే అదే రూపముగల మరియొక నర్తకిని అదే స్థానములో నిలిపినాడు. తాళము తప్పలేదు, అడుగు తడబడలేదు. సభ ఏమియు గమనింపలేదు. గమనించినవాడు ఋషభుడు ఒక్కడే. శరీరము, సంపద, అందము ఎంత అస్థిరములో ఆ క్షణమున ఆయనకు తేటతెల్లమైనది. భరతునికి రాజ్యము అప్పగించి, బాహుబలికి అతని పాలు ఇచ్చి, ఋషభుడు అడవిదారి పట్టినాడు.

ఈ కథలోని లోతును నిదానముగా చూడవలెను. సభకును ఋషభునికిని కనబడిన నృత్యము ఒక్కటే. సభ ఆనందించి ఇంటికి పోయినది. ఋషభుడు ఇల్లు విడిచినాడు. బంధించునది నృత్యమే అయినచో ఆయనయు బంధింపబడవలసినదే. విడిపించునది నృత్యమే అయినచో సభ అంతయు విడిపింపబడవలసినదే. కావున గుణదోషములు అందములో లేవు, చూపులో ఉన్నవి. ఇంకొక విశేషమున్నది. నృత్యమును చూడక కన్నులు మూసికొన్నవానికి నీలాంజన పోయిన సంగతి తెలియదు. మైమరచి చూచినవానికిని తెలియలేదు. ఆ అందమును పూర్తిగా చూచి, చూచుచున్నంతసేపు మేలుకొనియున్నవానికే తెలిసినది. రసికతకు ఇంతకంటె గొప్ప పరీక్ష లేదు. వైరాగ్యమునకు శత్రువని తలచిన కళనే ఈ కథ వైరాగ్యమునకు గురుపీఠముపై కూర్చుండబెట్టినది.

మేలుకొని చూచువాడు అను ఈ భావమును అమృతచంద్రుడు తత్త్వవ్యాఖ్యలోనికి కూడ తెచ్చినాడు. కుందకుందాచార్యుని సమయసారమునకు 10వ శతాబ్ది ప్రాంతమున ఆయన వ్రాసిన ఆత్మఖ్యాతి వ్యాఖ్య ఒక నాటకమువలె నడచును. జీవాజీవములు, పుణ్యపాపములు, బంధమోక్షములు వేషములు ధరించి రంగముపైకి వచ్చును; జ్ఞానము వాటిని గుర్తింపగానే వేషము విడిచి నిష్క్రమించును. 1636లో బనారసీదాసు దీనిని ఆధారముగా చేసికొని హిందీలో సమయసారనాటకమును కూర్చి, రసములలో శాంతమునకు నాయకస్థానము ఇచ్చినాడు. కుందకుందుని పేరు తెలుగువారికి పరాయిది కాదు. అనంతపురము జిల్లాలో గుంతకల్లునకు సమీపముననున్న కొనకొండ్లయే ఆ ఆచార్యుని ఊరని పండితులు గుర్తించినారు. అచ్చటి జినమూర్తులున్న కొండను జనులు రసాసిద్ధుల గుట్ట అని పిలుచుచున్నారు. జినులెవరో మరచిన కాలములో వారు పాదరసముతో బంగారము చేయు సిద్ధులుగా మారిపోయినారు. అడుగనివారిని కూడ ఏదో ఇచ్చువారిగా మార్చుకొనుట జనస్వభావము.

శిల్పమునకు వచ్చినచో ఇదే తత్త్వము రాతిలో కనబడును. అబూపర్వతముపై 1031లో వెలసిన విమలవసతికి బయటి గోడలు సాదావి. లోపల కప్పునందు, స్తంభములందు పాలరాయి వెన్నవలె కరిగి లతలై, నర్తకులై, పద్మములై పరచుకొన్నది. ఇంత అలంకారమును దాటి గర్భగృహమును చేరినచో అచ్చట కదలిక లేని ధ్యానమూర్తి. శ్వేతాంబరులు ఆ మూర్తికి కన్నులమర్చి, ఆభరణములతో అలంకరింతురు. అది ఆయన విడిచిన రాజ్యవైభవమును తలపించును. దిగంబరులు ఏ అలంకారమును పెట్టరు. అది విడిచిన తరువాతి స్థితిని చూపును. పుదుక్కోట దగ్గర సిత్తన్నవాసల్ గుహలో కప్పుపై చిత్రించిన తామరకొలను సైతము తీర్థంకరుని ధర్మసభకు పోవు దారిలోనిదే. పూలు, చేపలు, ఏనుగులు నిండిన ఆ కొలను దాటియే భవ్యులు ఆయన సన్నిధికి చేరవలెను. అందము గమ్యము కాదు. అట్లని అడ్డును కాదు. అది నడవవలసిన దారి.

శ్రవణబెళగొళలో గంగరాజు రాచమల్లుని మంత్రి చావుండరాయడు సుమారు 981లో నిలిపిన గోమటేశ్వరుడు సుమారు 58 అడుగుల ఏకశిలామూర్తి. ఈ బాహుబలి ఋషభుని కుమారుడే. నిజామాబాదు జిల్లాలోని బోధనే ఆయన రాజధాని పోదనపురమని కొందరి అభిప్రాయము. అన్నతో పోరి గెలిచిన క్షణముననే గెలుపును విడిచి తపస్సునకు నిలిచినవాడు ఆయన. పాదముల చెంత పుట్టలు లేచినను, లతలు తొడలను చుట్టి భుజముల వరకు ప్రాకినను ఆయనకు తెలియలేదు. శిల్పి ఆ లతలను ఎంతో సుకుమారముగా చెక్కినాడు. కదలని దేహముపై కదలు లత! రెండింటిని కలిపి చూచిననే ఆ నిశ్చలతకు కొలత తెలియును. 12వ శతాబ్దిలో బొప్పణకవి ఈ మూర్తిని కీర్తించుచు ఒక శాసనమును రచించినాడు. మిక్కిలి పెద్దదానికి సౌందర్యము అమరుట అరుదనియు, రెండును అమరినదానికి మహిమ తోడగుట మరింత అరుదనియు, ఇచ్చట మూడును కలిసినవనియు ఆయన భావము. శాసనములో దాగిన చక్కని సౌందర్యవిమర్శ అది. 2018లో జరిగిన మహామస్తకాభిషేకమున పాలు, పసుపు, చందనము ఆ శిరస్సు నుండి జాలువారుచుండగా లక్షలమంది చూచినారు. మూర్తి ముఖముననున్న చిరునవ్వు మాత్రము అభిషేకమునకు ముందెంతో తరువాతను అంతే.

తెలుగువారికి ఈ చరిత్రలో ఇంకను దగ్గరి సాక్ష్యమున్నది. కరీంనగరము జిల్లా గంగాధర మండలములోని కురిక్యాల సమీపమున బొమ్మలగుట్ట కలదు. సుమారు 945లో పంపకవి తమ్ముడు జినవల్లభుడు అచ్చట తీర్థంకరుల మూర్తులను, ఋషభనాథుని శాసనదేవత చక్రేశ్వరిని చెక్కించి, సంస్కృత కన్నడ తెలుగు భాషలలో శాసనము వేయించినాడు. అందలి కందపద్యములు నన్నయకు సుమారు నూరేండ్ల ముందటివి. తెలుగు పద్యచరిత్రలో వాటి స్థానము అందరెరిగినదే. అంతగా పట్టించుకొననిది మరొకటి ఉన్నది. త్రిభువనతిలకమను వసతితో పాటు జినవల్లభుడు కవితాగుణార్ణవమను తటాకమును, మదనవిలాసమను ఉద్యానవనమును కూడ ఏర్పరచినాడు. కవితాగుణార్ణవుడన్నది పంపని బిరుదు. జినునికి కోవెల, కవి పేర చెరువు, విలాసమునకు తోట. ఈ మూడును ఒకే భక్తుని చేతిమీదుగా, ఒకే గుట్ట పరిసరములలో వెలసినవి. నీలాంజన నృత్యమును కావ్యములో ఆడించిన అన్నకు ఇది తగిన తమ్ముడు చేసిన పని. భక్తికిని సౌందర్యమునకును విరోధమున్నదని ఆ అన్నదమ్ములు తలచలేదు.

పాఠశాలలో ఈ విషయము ఏ రూపమున విద్యార్థికి అందుచున్నది? జినవల్లభుని శాసనము తేదీగా అందును. శాంతరసము పట్టికలో తొమ్మిదవ అంకెగా అందును. జైనవాఙ్మయము తెలుగున నశించినదన్న ఒక్క వాక్యముగా అందును. మూడును జ్ఞాపకముంచుకొని, పరీక్షలో వ్రాసి, మరచిపోవుటకు అనువైనవే. ఆ తేదీ వెనుక ఒక మనిషి చెరువు త్రవ్వించినాడనియు, ఆ అంకె వెనుక ఒక ప్రశ్న వందల ఏండ్లు నలిగినదనియు చెప్పుటకు పాఠ్యపుస్తకములో చోటుండకపోవచ్చును. ఉపాధ్యాయుని నోట చోటుండవలెను.

రసపాఠము చెప్పునాడు లక్షణశ్లోకమునకు ముందు నీలాంజన కథ చెప్పి చూడదగును. నర్తకి మారినదని సభకు ఎందులకు తెలియలేదో, ఋషభునికి ఎట్లు తెలిసినదో పిల్లలనే అడుగవలెను. వారు చెప్పు సమాధానములు లక్షణగ్రంథమునకు సరిపోకపోయినను నష్టము లేదు. కరీంనగర ప్రాంతపు బడులకు బొమ్మలగుట్ట ఒక పగటి ప్రయాణము; అనంతపురపు బడులకు కొనకొండ్ల అట్టిదే. అచ్చట రాతిపై వ్రాలిన ఎండలో, పేరు తెలియని శిల్పి చెక్కిన ముఖమును కొంతసేపు మౌనముగా చూచుటకంటె మేలైన శాంతరసవ్యాఖ్య దొరకదు.

పరీక్షల కాలమున మార్కులకొరకు ప్రదక్షిణములు చేయు పిల్లలను పరిహసింపనక్కరలేదు. అడుగుట మనుష్యుని సహజగుణము. అడుగదగిన దైవము ఉన్నదని నమ్మువారి నమ్మకము వారికి బలము. కాని ఏమియు అడుగక, ఒక ఉత్తమగుణమును చూచి చేతులు జోడించుట కూడ భక్తియే అని వారికి తెలియవలెను. తిరిగి ఏమియు రాదని తెలిసియు ఒక పద్యమును ప్రేమించుట ఆ భక్తికి దగ్గరి బంధువు. మార్కులకు పనికిరాని పద్యమును చదివి ఒక విద్యార్థి క్షణకాలము నిశ్శబ్దమైనచో, జినాలయములో బియ్యపు గింజలను పీటపై విడిచి వచ్చు భక్తుడు పొందునదేదో అతనికిని కొంత అందినట్లే. సభ అంతయు నృత్యమును చూచుచునే యుండును. మేలుకొని చూచువానిని ఒక్కని తయారుచేయుటయే తెలుగు ఉపాధ్యాయుని పని.